కళ్ళజోళ్ళావిడ ఇల్లు

ఆ ఇల్లు నాది. కాగితాల మీద నా పేరూ మా ఆయన పేరూ పక్కపక్కనే ఉన్నాయి, కావాలంటే చూపిస్తాను. కానీ ఆ వీధిలోకి వెళ్ళి ఎవర్నయినా అడగండి, "అదా? కళ్ళజోళ్ళావిడ ఇల్లు" అంటారు. నా ఒళ్ళు మండేది అక్కడే.

ఆ మాట మొట్టమొదట విన్నది ప్లంబరు నోట. వంటింటి కుళాయి కారుతోందని అద్దెకున్నావిడ ఫోన్ చేస్తే, నేను ప్లంబరుకి ఫోన్ చేసి గుర్తులు చెప్పడం మొదలుపెట్టాను. మలుపులో మందుల షాపు, దాని పక్క సందు, సందులో నీలం గేటు...

"కళ్ళజోళ్ళావిడ ఇల్లా? ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదమ్మా!" అన్నాడతను.

"కళ్ళజోళ్ళావిడ అద్దెకుంటోందయ్యా. ఇల్లు మాది."

"ఆఁ, అదేనండీ, ఆవిడ ఇల్లే. ఇప్పుడే వెళ్తా," అని పెట్టేశాడు.

విన్నారా? అప్పు మాది, వాయిదాలు మావి, కుళాయి మాది, ప్లంబరుకిచ్చే కూలి కూడా మాదే. ఇల్లు మాత్రం ఆవిడది! సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను ఆసుపత్రిలో టోకెన్ల కిటికీ దగ్గర కూర్చుంటాను. రోజంతా నంబర్లు అరిచే ఉద్యోగం కాబట్టి నా గొంతు కాస్త పెద్దదే. ఇంటికొచ్చాక కూడా తగ్గదని మా ఆయన బాధ. ఆయన పుస్తకాలు బైండు చేసే చోట పని చేస్తాడు. ఒంటి నిండా జిగురు వాసన, నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళయిన దగ్గర్నుంచీ మావన్నీ అద్దె కొంపలే. ఇప్పుడున్నది మోటారు షెడ్డు మీద రెండు గదులు. కింద ఎవడైనా బండి స్టార్టు చేస్తే పైన మా గిన్నెలు మోగుతాయి.

ఎన్ని ఇళ్ళు మారినా ఇంటివాళ్ళందరిదీ ఒకటే పాట. "గోడలకి మేకులు కొట్టకండి." మా పెళ్ళి ఫోటో అందంగా ఫ్రేము కట్టించి ఉంది, కానీ కాపురానికొచ్చిన నాటి నుంచీ అది పెట్టె అడుగునే పడుకుంది. నా గోడకి నా చేత్తో ఒక్క మేకు కొట్టి ఆ ఫోటో తగిలించాలని నా కోరిక. నవ్వకండి. కొందరికి బంగారం మీద ఉంటుంది, నాకు మేకు మీద.

చివరికి ఆ చిన్న ఇల్లు కొన్నాం. కొన్నాం గానీ ఉండే యోగం లేదు. షెడ్డు మీద గదులకు మేమిచ్చే అద్దె తక్కువ, ఆ ఇంటికి వచ్చే అద్దె ఎక్కువ. ఆ తేడాతోనే వాయిదా కట్టాలి. అద్దె ఆగితే వాయిదా ఆగుతుంది, వాయిదా ఆగితే ఇల్లు పోతుంది. అందుకని అద్దెకివ్వక తప్పలేదు.

ఈ విద్యలో మాకు గురువు మా వదిన, అంటే మా ఆయన అక్క. ఆవిడకి అద్దెకిచ్చే వాటాలు ఇలాంటివి అరడజను. మేము రిజిస్ట్రేషను ముగించుకుని వచ్చిన సాయంత్రమే ఊడిపడి, కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"విను. మనిషి ముఖం చూసి ఇల్లివ్వకు. నవ్వుతూ మాట్లాడినంత మాత్రాన నెల నెలా అద్దె రాదు. వాళ్ళు ఇదివరకు ఎక్కడున్నారో కనుక్కో. ఇప్పుడున్న ఇంటివాళ్ళనడిగితే లాభం లేదు, వదిలించుకోవాలని ఉంటే దొంగని కూడా దొర అంటారు. అంతకుముందు ఇంటివాళ్ళనడుగు, వాళ్ళు నిజం చెప్తారు."

"సరే వదినా."

"కాగితం రాసుకో. మాట మీద ఇచ్చిన ఇల్లు మాటల్లోనే పోతుంది. ఇంకోటి, చేతికొచ్చిన అద్దె అంతా నీదనుకుని పండగ చేసుకోకు. అందులో కొంత ఆ ఇంటిదే. రంగులకీ, రిపేర్లకీ, ఖాళీగా పడున్న నెలలకీ తీసి పక్కన పెట్టు. ఏదైనా పాడైందని చెప్పారా, ఆ రోజే మనిషిని పంపు. నువ్వు నానబెట్టావనుకో, గోడతో పాటు మనుషులు కూడా నానిపోతారు."

మా ఆయన బుద్ధిగా తల ఊపుతున్నాడు. నాకు ఆవలింతలు వస్తున్నాయి. ఆవిడ అది చూసింది.

"అన్నిటికంటే ముఖ్యమైంది ఇది. అద్దెకిచ్చిన రోజు నుంచి ఇల్లు వాళ్ళది, అద్దె నీది. చెప్పకుండా వెళ్ళకు. రెండో తాళంచెవి నీ దగ్గరుంటే కవర్లో పెట్టి అంటించెయ్యి, నిప్పంటుకుంటే తప్ప తియ్యకు."

"ఇల్లు వాళ్ళదేంటి వదినా? కొన్నది మేమైతే!"

వదిన నా వంక ఒక చూపు చూసి, తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, తాళంచెవి నువ్వు దాచరా," అంది.

కడుపు మండింది. తాళంచెవి నేనే దాచాను.

అద్దెకొచ్చింది కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే ఆవిడా, ఆవిడ మొగుడూ. ఆయన బస్సు డ్రైవరు. వదిన చెప్పినట్టే అంతకుముందు ఇంటావిడ దగ్గరికి వెళ్ళి విచారిస్తే, "అయ్యో, వాళ్ళు మీ ఇంటికా వస్తున్నారు!" అని నా అదృష్టానికి కుళ్ళుకుంది. అప్పుడు గర్వంగానే అనిపించింది. మరి నాకేం తెలుసు, ఆ కుళ్ళు రోగం అంటుకునేదని!

మొదటి నెల అద్దెకని వెళ్ళాను. తలుపు తీసి, ముఖమంతా నవ్వు చేసుకుని ఆవిడ అన్న మొదటి మాట ఏమిటో తెలుసా?

"రండి రండి! మా ఇల్లు చూద్దురుగాని!"

మా ఇల్లట. నా గుమ్మంలో నిలబడి, నాకు, నా ఇల్లు, 'మా ఇల్లు' అని చూపిస్తుందట. 'మన ఇల్లు' అన్నా కాస్త ఊరుకునేదాన్నేమో. అందులో నాకూ ఇంత చోటుండేది. 'మా' అంటే మీరు కాదు, మేము అని. ఆ ఒక్క అక్షరంతో నన్ను తలుపు బయట నిలబెట్టేసింది.

లోపలికి వెళ్ళాక ఇంకా కుట్టింది కన్ను. మేము కొన్నప్పుడు ఆ ఇల్లు అగ్గిపెట్టెలా ఉండేది. ఇప్పుడు పసుపు పచ్చ తెరలు, సీసాల్లో పెట్టిన తీగలు, వంటింటి కిటికీ కింద ఒక పాత స్టూలు. షాపులో పగిలిపోయినవీ, కొలత తప్పినవీ అద్దాలుంటాయి కదా, వాటిని దారాలకు గుచ్చి కిటికీ చువ్వలకు కట్టింది. ఎండ వాటిలోంచి పడి గోడ నిండా గుండ్రటి వెలుగులు కదులుతున్నాయి. గోడ నాది. వెలుగు ఆవిడది.

ఆ కిటికీ దగ్గర స్టూలు వేసుకుని టీ తాగాలని ఇల్లు కొన్న రోజే అనుకున్నాను. అచ్చం అక్కడే. ఆవిడ నా మనసులోంచి దొంగిలించినట్టు అనిపించింది. చీమలు పెట్టిన పుట్టలు పాములకిరవంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

ఇంటికొచ్చి మా ఆయన్ని పట్టుకుని దులిపేశాను.

"బాగా ఉంచుకుంటున్నారంటే మనకే మంచిది కదే," అన్నాడాయన.

"మీకు కన్ను కుట్టట్లేదా అసలు?"

"మన ఇల్లు చూసి మనకే ఎలా కుడుతుందే?"

ఆ మనిషికి చెప్పి లాభం లేదు.

అక్కణ్ణుంచి నాకు కాలు నిలవలేదు. మీటరు చూడాలని ఒకసారి, ట్యాంకు మూత సరిగ్గా ఉందో లేదోనని ఒకసారి, తలుపులకు చెదలు పడుతున్నాయేమోనని ఒకసారి. కొత్త తలుపులకు చెదలేమిటని ఆవిడ అడగలేదు. వెళ్ళిన ప్రతిసారీ "కూర్చోండి, టీ పెడతా" అనేది. నా ఇంట్లో నన్ను కూర్చోమనడానికి నువ్వెవరివమ్మా అని నోటిదాకా వచ్చేది. టీ తాగి వచ్చేదాన్ని. టీ కూడా బాగుండేది, అదొక మంట.

వదినకి ఈ సంగతి మా ఆయన ఊదాడు. ఆవిడ ఫోన్ చేసి, "అద్దెకిచ్చావా, కాపలా కాస్తున్నావా? చెదలు తలుపుకి కాదే, నీకు పట్టాయి," అంది.

ఒకరోజు కళ్ళజోళ్ళావిడే నసుగుతూ అడిగింది. "ఏమీ అనుకోకండి. హాల్లో ఒక్క మేకు కొట్టుకోవచ్చాండీ? గోడగడియారానికి."

"కాగితంలో రాసుకున్నాం కదమ్మా, మేకులు కొట్టకూడదని. గోడ పాడైపోతుంది," అన్నాను. నా నోట్లోంచి షెడ్డు ఓనరు గొంతే వచ్చింది, అదే రాగం, అదే దగ్గు.

"సరేనండి," అంది. ముఖం కూడా మాడ్చుకోలేదు. తరవాత వెళ్ళి చూస్తే గడియారాన్ని స్టూలు మీద గోడకి చేరేసి, పక్కన తీగసీసా పెట్టింది. గోడ మీదకంటే అక్కడే బాగుంది. ఏం చేస్తాం, నా ఖర్మ.

"ఒక్క మేకేగా, కొట్టుకోనివ్వకపోయావా?" అన్నాడు మా ఆయన.

"నా గోడకి మొట్టమొదటి మేకు ఆవిడ కొడుతుందా?" అని అరిచాను. కింద షెడ్డులో బండి ఆగిపోయింది. అందరూ విన్నారు. విననీ.

ఇక తాళంచెవి దగ్గరికొస్తాను. మీరు దాని కోసమే ఎదురుచూస్తున్నారని నాకు తెలుసు. మొదటిసారి నిజంగా కుళాయి కోసమే వెళ్ళాను. ప్లంబరు సరిగ్గా బిగించాడో లేదో చూడాలి కదా. ఆవిడ షాపులో, ఆయన బస్సులో. మధ్యాహ్నం ఇల్లంతా నిశ్శబ్దం. కుళాయి బాగానే ఉంది. వచ్చేయొచ్చు. కానీ ఎండ ఆ అద్దాల్లోంచి పడుతోంది, కిటికీ కింద స్టూలు ఖాళీగా ఉంది. కూర్చున్నాను. కూర్చున్నాక ఊరికే ఏం కూర్చుంటాం, కాసిని పాలు పొయ్యి మీద పెట్టి టీ చేసుకున్నాను. గ్లాసు కడిగి, తుడిచి, ఎక్కడిదక్కడ బోర్లించి వచ్చాను. దొంగతనం అంటారా? నా పొయ్యి గట్టు, నా కిటికీ. పాలు ఆవిడవే, ఒప్పుకుంటాను.

తరవాత మళ్ళీ వెళ్ళాను. ఎన్నిసార్లని అడక్కండి. మధ్యాహ్నం సెలవు దొరికితే చాలు, కాళ్ళు అటే లాగేవి. స్టూలు మీద కూర్చుని గోడల వంక చూస్తూ, ఎవరూ లేరు కదా అని, "మా ఇల్లు" అనుకునేదాన్ని పైకే. ఆసుపత్రి హాలంతా వినబడే నా గొంతు అక్కడ పీలగా వచ్చేది. ఇంకోసారి అనేదాన్ని. అయినా కుదిరేది కాదు. ఆవిడ తలుపు తీస్తూనే ఎంత తేలిగ్గా అనేసిందీ! నాకెందుకు రాదు?

ఆ రోజు అదే ఉక్రోషంలో ఉన్నాను. హాల్లో బల్ల ఆ మూల ఉండటం నాకు మొదటి నుంచీ నచ్చలేదు. నేనైతే కిటికీ కిందే వేసేదాన్ని. ఒక్కసారి వేసి చూద్దాం, మళ్ళీ వెనక్కి లాగేయొచ్చు అనుకున్నాను. టీ గ్లాసు గట్టు మీద పెట్టి బల్ల ఈడ్చాను. అది కీచుమని అరిచింది.

పడకగది తలుపు ధడాలున తెరుచుకుంది. బనీనులో, చెదిరిన జుట్టుతో, చీపురు తిరగేసి పట్టుకుని బస్సు డ్రైవరు!

"ఎవరది? దొంగా!"

"నేనేనయ్యా! నేను! ఓనర్ని!"

ఆయనకి డ్యూటీ మారిందట, రాత్రంతా బస్సు నడిపి వచ్చి పడుకున్నాడట. నాకేం తెలుసు!

"ఓనరా?" చీపురు మాత్రం దించలేదు. "ఓనరైతే తలుపు కొట్టాలి కదండీ?"

"కుళాయి చూద్దామని వచ్చానయ్యా. కారుతోందేమోనని."

ఆయన తల తిప్పి వంటింటి గట్టు వైపు చూశాడు. నా గ్లాసులోంచి ఇంకా ఆవిరి వస్తోంది.

"కుళాయిలోంచి టీ వస్తోందాండీ?"

నేను టోకెన్ల కిటికీ దగ్గర వందమందికి జవాబు చెప్పే మనిషిని. ఆ రోజు జవాబుకి బదులు కొంగుతో బల్ల తుడవడం మొదలుపెట్టాను.

ఆయన ఆ గ్లాసు వంకా, నా వంకా కాసేపు చూశాడు. ముఖంలో ఏదో తెలిసినట్టు మార్పు వచ్చింది. "పాలు తాగుతున్న పిల్లి మీరేనా? మా ఆవిడ కిటికీకి వల కట్టించాలని గోల పెడుతోంది ఇన్నాళ్ళుగా. ఎటునుంచి వస్తోందో అంతుపట్టట్లేదని."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుందట. నిజమే కావొచ్చు. తిట్టినా బాగుండేది, నేను తిరిగి తిట్టేదాన్ని. ఆయన తిట్టలేదు. చీపురు మూలన పెట్టి, నా వైపు చూడకుండా బల్లని మళ్ళీ దాని చోటుకి తనే లాక్కున్నాడు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని బయటపడ్డాను.

మర్నాడు కళ్ళజోళ్ళావిడ ఫోన్ చేసింది. గొంతు మామూలుగానే ఉంది. నెలాఖరుకి ఖాళీ చేస్తాం అంది. అంతే.

వదిన వచ్చి నన్ను ఉతికి ఆరేసింది. "పాలా? పాలేమిటే! తాగాలనుంటే నాకు చెప్తే ఒక గేదెని కట్టేసేదాన్ని కదే మీ షెడ్డులో!" మా ఆయన మూల కూర్చుని వింటున్నాడు. వదిన వెళ్ళాక తల ఎత్తాడు.

"ఖాళీ నెలలకని పక్కన పెట్టింది రంగులకే అయిపోయింది. ఇల్లు నిలవాలంటే వాళ్ళుండాలి. వెళ్ళి అడుగు," అన్నాడు. ఆయన నాతో అలా మాట్లాడటం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి.

వెళ్ళాను. కళ్ళజోళ్ళ షాపులో గోడ నిండా ఖాళీ కళ్ళజోళ్ళు, ఎటు తిరిగినా ఎవరో చూస్తున్నట్టే ఉంటుంది. ఆవిడ నన్ను చూసి, పక్కనున్నవాళ్ళ ముందు ఏమీ అనలేక, "కళ్ళు చూపించుకోవడానికి వచ్చారా? కూర్చోండి," అంది. కూర్చున్నాను. ముక్కు మీద బరువైన ఇనుప ఫ్రేము పెట్టి అద్దాలు మార్చి మార్చి వేసింది.

"ఎదురుగా అక్షరాలు కనిపిస్తున్నాయా?"

"చివరి వరసతో సహా."

చేతిలో ఒక అట్ట పెట్టింది. "ఇవి?"

"అలుక్కుపోయినట్టున్నాయి."

"దూరానివి బాగానే కనిపిస్తున్నాయి మీకు. దగ్గరివే కష్టం," అని ఇంకో అద్దం అందుకోబోయింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"మీరు వెళ్ళకండమ్మా. మేకులు కొట్టుకోండి, ఎన్ని కావాలంటే అన్ని."

"ఒక్కటే అడిగానండీ నేను."

"తాళంచెవి కూడా ఇచ్చేస్తాను. ఇదిగో, తెచ్చాను."

ఆవిడ దాన్ని తీసుకోలేదు. చెయ్యి మెల్లగా విడిపించుకుంది. "తాళంచెవితో పోయేది కాదండీ. ఒక గిన్నె అటు జరిగి ఉన్నా మీరొచ్చారేమో అనిపిస్తోంది. మా ఆయన నిద్రలో ఉలిక్కిపడుతున్నాడు, బస్సు నడిపే మనిషి. మీ ఇంట్లో మేమిక ఉండలేమండీ."

మీ ఇల్లు. ఆ మాట ఆవిడ నోట వినాలని ఎన్నాళ్ళుగా కాచుకున్నాను! అన్నది చివరికి. ఆ ఇనుప ఫ్రేము తియ్యకుండానే లేచానట, గుమ్మం దగ్గర వెనక్కి పిలిచి తీసుకున్నారు.

నెలాఖరున ఇల్లంతా కడిగి, వదినతో సహా ముగ్గురం చూస్తుండగా తాళంచెవి మా ఆయన చేతిలో పెట్టింది. "మీ ఇల్లు ఒకసారి చూసుకోండి. గోడలకి ఎక్కడా మేకు గుర్తు లేదు," అంది. ఎత్తిపొడుపు కాదు. ఆవిడకి ఎత్తిపొడవడం కూడా రాదు, అదే నాకు ఇంకా మంట.

ఎక్కడికి వెళ్ళారనుకున్నారు? సందు దాటి ఎదురింట్లోకి. ముసలి గుమాస్తా ఒకాయన ఇల్లు అది, ఏళ్ళ తరబడి సున్నం చూడని కొంప, మేము కొనేటప్పుడు అది కూడా బేరానికొస్తే, దాని ముఖం చూసి వద్దని నేను ఈ వైపు ఇల్లు తీసుకున్నాను. వారం తిరక్కుండా దానికి పసుపు పచ్చ తెరలొచ్చాయి. కిటికీలో అద్దాలు వేలాడాయి. నా ఖాళీ ఇంటి వరండాలో నిలబడితే అవి మెరిసి సరిగ్గా నా కళ్ళలో పడుతున్నాయి.

"ఎంత బాగుందండీ ఆ ఇల్లు!" అన్నాను, ఆపుకోలేక.

"పొరుగింటి పుల్లకూర," అన్నాడు మా ఆయన. నోట్లో నాలుక మొలిచింది ఆయనకి.

నా ఇంటికి మాత్రం ఎవరూ రాలేదు. వచ్చినవాళ్ళు చూసి, బాగుందని, వీధిలోకి వెళ్ళి, 'కళ్ళజోళ్ళావిడ ఎందుకు ఖాళీ చేసింది?' అని అడిగేవాళ్ళు. మళ్ళీ కనబడేవాళ్ళు కాదు. అంతకుముందు ఇంటివాళ్ళని అడగమని వదిన చెప్పింది కదా. వచ్చేవాళ్ళు కూడా అంతకుముందు ఉన్నవాళ్ళని అడుగుతారని మాత్రం చెప్పలేదు. ఒక వాయిదా మా ఆయన ఉంగరం మింగింది. వచ్చే వాయిదాకి ఇల్లు అమ్మకానికి పెట్టాలన్నాడు. అది కూడా అరవకుండానే అన్నాడు.

అప్పుడే మళ్ళీ కుళాయి కారడం మొదలుపెట్టింది. ప్లంబరుకి ఫోన్ చేసి మందుల షాపు, సందు, నీలం గేటు అన్నీ చెప్పాను. "ఏదండీ? తెలియట్లేదు," అన్నాడు. ఇంకెన్ని చెప్పినా తెలియట్లేదు. పళ్ళు కొరుక్కుని, "కళ్ళజోళ్ళావిడ ఇల్లయ్యా!" అన్నాను.

"ఓ! వస్తున్నా!"

గేటు దగ్గర నిలబడి ఎదురుచూశాను. వచ్చాడు. సంచీ ఊపుకుంటూ వచ్చి, నా కళ్ళ ముందే ఎదురింటి తలుపు కొట్టాడు. ఆవిడ బయటికొచ్చి, ఏదో చెప్పి, నా వైపు చెయ్యి చూపించింది. నవ్విందో లేదో నేను చూడలేదు, తల తిప్పుకున్నాను.

"ఇదాండీ! మరి ఇది ఎవరి ఇల్లు ఇప్పుడు?" అన్నాడు లోపలికొస్తూ.

"కుళాయి చూడు," అన్నాను.

అతను వంటింట్లో ఉండగా నాకు పట్టలేనంత కోపం వచ్చింది. అమ్మేసే ఇల్లయితే అమ్మేసే ముందైనా ఒక్క కోరిక తీరాలి. ఆ ఉదయం ఎందుకో పెట్టెలోంచి పెళ్ళి ఫోటో తీసి సంచీలో పెట్టుకుని వచ్చాను. ప్లంబరు సంచీలోంచి సుత్తీ, ఒక మేకూ తీసుకుని హాల్లోకి వెళ్ళాను. మొదటి దెబ్బ వేలి మీద పడింది. రెండోది మేకు మీద. మూడోదానికి గోడ పెచ్చు అరచేయంత ఊడి నా పాదాల మీద పడింది. షెడ్డు ఓనరు చెప్పింది నిజమే, గోడ పాడవుతుంది. అయినా కొట్టాను. ఫోటో తగిలించి దూరంగా వచ్చి చూశాను. పీట లేదు, చాప లేదు, ఖాళీ గదిలో ఫోటోలోని ఆ కుర్రజంట ఎవరింటికో వచ్చి, కూర్చోమనేవాళ్ళు లేక నిలబడ్డట్టుంది.

"మా ఇల్లు," అన్నాను. గోడలు నా గొంతుని నాకే తిరిగిచ్చాయి.

"ఎవరండీ లోపల?"

గుమ్మం బయట ఒక పొడుగాటి ఆవిడ. తలుపు బార్లా తెరిచే ఉంది, అయినా కొట్టి నిలబడింది. బట్టల షాపులో పనట, మొగుడూ తనూ ఉంటారట. ఇల్లు అద్దెకని విని వచ్చిందట.

"ముందే చెప్తున్నా. ఎదురింట్లో అడగాలనుకుంటే అడిగి రండి," అన్నాను. ఇక దాచి ఏం చేస్తాను?

"అడిగే వచ్చానండీ."

"ఏమంది?"

"ఇల్లు బంగారం అంది. పాడైందని చెప్పిన రోజే మనిషిని పంపిస్తారు, అలాంటి ఓనర్లు దొరకరు అంది." ఆవిడ కాస్త తటపటాయించింది. "తాళంచెవులు మాత్రం రెండూ అడిగి తీసుకోమంది."

పిల్లి సంగతి చెప్పలేదు. ఒక్క ముక్క చెబితే చాలు, నా ఇల్లు మునిగిపోయేది. చెప్పలేదు! అంత మంచితనం కూడా ఆవిడకే ఉండాలా? దానిక్కూడా కన్ను కుట్టింది నాకు, కళ్ళలో నీళ్ళు తిరుగుతూ కుట్టింది.

కొత్తావిడ గదులన్నీ చూసొచ్చి, గోడ మీద ఫోటో ముందు ఆగింది. "మీరేనా ఇది? అంటే... మీరిక్కడ ఉంటున్నారా? ఇది మీ ఇల్లేనాండీ?"

"కాదమ్మా," అన్నాను. "అద్దెకిచ్చే ఇల్లు."

ఫోటో దింపి చంకలో పెట్టుకున్నాను. సుత్తితో మేకు కూడా పీకబోతుంటే ఆవిడ గబగబా అడ్డొచ్చింది.

"అయ్యో, ఉంచండి! మా ఆయన చొక్కాకి పనికొస్తుంది."

అప్పుడే నా మేకుకి వాళ్ళాయన చొక్కా అట. ప్లంబరుని తొందరగా కానివ్వమని అరిచి, రెండు తాళంచెవులూ ఆవిడ చేతిలో పెట్టి, గుమ్మం దిగి చెప్పులు వేసుకున్నాను.